ఎడమ తలుపు తాళం

ఇంటి దగ్గర, వరండా
ఎండలు ముదిరిన ఆదివారం

వదినా,

నేను బాగున్నానని రాస్తే అబద్ధం. బాగాలేనని రాస్తే నువ్వు లాండ్రీ మూసేసి బస్సెక్కి వచ్చేస్తావు. అందుకని ఆ సంగతి వదిలేస్తున్నాను.

నీ తమ్ముడు ఇల్లు విడిచి నెల దాటింది. నీకేమైనా రాశాడా? నాకు ఒక్క ఫోను వచ్చింది, అదీ నేను పనిచేసే క్లినిక్‌కి. నేను లేని సమయం చూసి చేశాడు. మా పళ్ళ డాక్టరు ఎత్తితే, "బతికే ఉన్నాను, వెతకొద్దని చెప్పండి" అని పెట్టేశాడట. ఈ వయసులో నన్ను పదిమంది నోళ్ళలో పెట్టి పోయాడు. నేనేమో పదిమంది నోళ్ళలోకి పళ్ళు చేసిపెట్టేదాన్ని. ఊళ్ళో సగం నవ్వులు నా బల్ల మీదే తయారవుతాయి, నా నవ్వు మాత్రం ఎక్కడ పోయిందో నాకే తెలియదు.

వెళ్ళే ముందు రోజు ఏం జరిగిందో నీకు చెప్పలేదు కదూ? ఇంటికి తెచ్చుకున్న కట్టుడు పళ్ళు స్టూలు మీద పెట్టాను. ఈయన గదిలోకి వస్తూ స్టూలుని తన్నేశాడు. పై వరస రెండు ముక్కలు. "కళ్ళు నెత్తికెక్కాయా మీకు?" అన్నాను. ఎవరైనా అంటారు. మామూలుగా అయితే ఒంటికాలి మీద లేచేవాడే. ఆ రోజు మాత్రం చప్పుడు చెయ్యకుండా వంగి, నేలంతా తడిమి, ముక్కలేరి నా చేతిలో పెట్టాడు. పొద్దున లేచేసరికి సంచీ లేదు, మనిషి లేడు.

కారు మాత్రం ఉంది. ఆ ముసలి బాతు షెడ్డులో అలాగే ఉంది, తాళం వేసి. తుక్కు కింద కొన్నదాన్ని పదేళ్ళు కూర్చుని బాగుచేసుకున్నాడు కదా, ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందర్నీ అందులోనే ఊరేగించాడు కదా, దాన్ని వదిలి ఎలా ఉంటాడు? వస్తాడు. నేను క్లినిక్‌లో ఉన్నప్పుడు చూసి వస్తాడు. దాన్ని స్టార్టు చెయ్యడానికి తాళం అక్కర్లేదు, బొత్తాం నొక్కితే చాలు. తలుపు తెరిస్తే బండి ఆయనదే. ఆ తలుపు తాళంచెవి ఒకటే ఒకటి, తాడు కట్టి మెళ్ళో వేసుకునే తిరుగుతాడు. నాకన్నా దగ్గరగా ఉండేది అదే.

బాతు పోయిందంటే ఆయనకి ఇక్కడ పనేం ఉండదు వదినా. అది ఉన్నన్నాళ్ళూ నా గడప తొక్కాలి. అందుకని తలుపుల తాళాలు మార్చేద్దామనుకుంటున్నాను. తెరవబోతే తెరుచుకోకూడదు. వచ్చి నా తలుపు కొట్టాలి.

క్లినిక్‌లో బల్ల ముందు కూర్చుంటే వీధిలో ఏ ఇంజన్ మోత విన్నా లేచి నిలబడుతున్నాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఏదో ఒకటి చెయ్యకపోతే చేతులు ఊరుకోవట్లేదు.

నీ మరదలు


లాండ్రీ మీది వాటా, రేవు వీధి
బుధవారం

మరదలికి,

నీ ఉత్తరం అందింది. దీవెనలు తర్వాత, ముందు తిట్లు. నెల రోజులుగా ఇంత జరుగుతుంటే ఇప్పుడా నాకు రాసేది?

చంటి సంగతికొస్తే, వాడు నాకు ఉత్తరమేమీ రాయలేదు. వాడికి చిన్నప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవదు. మూడో ఏట సంతలో తప్పిపోతే ఊరంతా వెతికాం, గుర్రబ్బండి కింద చక్రం పట్టుకుని కూర్చున్నాడు. అలాంటివాడు. తిరిగి తిరిగి వస్తాడు. నువ్వు వేళకి తిను.

తాళాల గొడవ ఎందుకే నీకు? తాళం మార్చడమంటే తలుపు అంతా విప్పాలట. నువ్వు దాన్ని విప్పి, మళ్ళీ పెట్టలేక, రేకు వంచి, రంగు గీకి, వాడొచ్చి చూసి గుండె బద్దలై చస్తాడు. మనుషుల మీద కోపం బండి మీద చూపించకు. పాపం, నోరులేని బండి.

ఇక్కడ నాకు ఊపిరాడట్లేదు. ఓడల వాళ్ళ దుప్పట్లు కొండలా పడ్డాయి. దుప్పట్లు మడతపెట్టడానికి కొత్తగా ఒక మనిషి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. మడత పెడితే కాగితం పెట్టినట్టు ఉంటుంది.

ఆ తాళాల జోలికి పోకు.

నీ వదిన


ఇంటి దగ్గర, షెడ్డులో స్టూలు మీద
మొదటి వాన పడ్డ రోజు

వదినా,

పోయాను, తాళాల జోలికే పోయాను.

తాళాల షాపతను వచ్చి కిటికీ రబ్బరు సందులోంచి తీగ దూర్చి, ఆవలిస్తూ తలుపు తెరిచాడు. ఇంత కాపలా కాస్తున్న బండిని ఒక తీగముక్క తెరిచేసింది చూడు! "కొత్త తాళాలు వెయ్యండి" అంటే నవ్వాడు. "ఈ కారుకి కొత్తవి ఇప్పుడెక్కడమ్మా? వీటిని చేసినవాళ్ళకే పళ్ళూడిపోయి ఉంటాయి" అన్నాడు. పళ్ళ మాట ఎత్తకపోతే వదిలేసేదాన్నేమో.

పాత కార్లు ముక్కలు చేసే చోటికి వెళ్ళి, ఇదే రకం కార్ల నుంచి ఊడదీసిన రెండు తాళాలు తెచ్చాను. ఒకదానికి చెవి ఉంది, రెండోదానికి లేదు. ముందు తలుపులు రెంటికే తాళాలు, వెనకవి లోపల్నుంచి వేసుకునేవే. అంటే నా పని ఇదీ: రెండు తాళాలూ ఒకే చెవితో తిరగాలి.

చెవిలేని తాళాన్ని క్లినిక్‌లో నా బల్ల మీద విప్పాను. లోపల ఏముందనుకున్నావు? గోరంత ఇత్తడి రేకులు, ఒకదాని వెనక ఒకటి, ఒక్కోదాని కింద వెంట్రుకంత స్ప్రింగు. చెవి దూరగానే రేకులన్నీ అంచుతో సమానంగా సర్దుకోవాలి. ఒక్క రేకు పొడుచుకొచ్చినా తాళం తిరగదు. పై పళ్ళూ కింది పళ్ళూ కుదరకపోతే నోరు మూతపడనట్టే. ఇది నా పనే వదినా! ఇన్నేళ్ళూ నేను చేస్తున్నది ఇదే. నా సన్న ఆకురాయితో పొడుచుకొచ్చిన చోట అరగదీస్తున్నాను, చెవి పెట్టి చూస్తున్నాను, మళ్ళీ అరగదీస్తున్నాను. డాక్టరు వచ్చి చూసి, "ఇది ఎవరి నోటికమ్మా?" అన్నాడు. "మా ఆయన నోటికి" అన్నాను.

ఇంకొకటి రాయాలా వద్దా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. కారులో కూర్చుని చూస్తే అద్దాలు, వదినా. మామూలుగా ఉండే అద్దం కాక, ఎడమ పక్క ఒక కొత్త అద్దం, కుడి పక్క ఒకటి, వాటి మూలల్లో మళ్ళీ గుండ్రంగా బిళ్ళంత అద్దాలు అతికించి ఉన్నాయి. ఎటు తిరిగినా నా మొహమే. ఈ వయసులో మనిషికి అద్దాల మీద ఇంత మోజెందుకు? ఎవరికోసం ఈ సోకు? ఈ మధ్య పెళ్ళి బేరాలు కూడా వద్దనేవాడు, నాతో సినిమాకి రమ్మంటే వచ్చేవాడు కాదు, చీకటి పడకముందే ఇంటికొచ్చి మూలన కూర్చునేవాడు. ఆలోచించేకొద్దీ ఒకటే సమాధానం వస్తోంది. ఎదురింటి టీచరు కూడా అదే అంది, అడగకుండానే.

నువ్వు ఆయన అక్కవి. నీకు తెలిస్తే చెప్పు. తట్టుకుంటాను.

నీ మరదలు


లాండ్రీ మీది వాటా
అదే వారం

మరదలా,

నీ ఎదురింటి టీచరు నోట్లో నా ఇస్త్రీపెట్టె పెట్టాలి.

మా చంటి ఎలాంటివాడైనా కావచ్చు, అలాంటివాడు మాత్రం కాడు. ఇంకొకర్ని చూసే తీరికా లేదు, ఆ తెలివీ లేదు వాడికి. ఇంకోసారి ఆ మాట రాశావంటే నీకూ నాకూ మాటల్లేవు. అద్దాలంటావా, డ్రైవర్లన్నాక అద్దాలు పెట్టుకోరా?

వాన నీళ్ళు మెట్ల దాకా వచ్చాయి, దిగాలి. నువ్వు ఏడవకు. పిచ్చిదానా, నువ్వనుకునేది కాదు.

వదిన


ఇంటి దగ్గర
ముసురు పట్టిన మంగళవారం

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "నువ్వనుకునేది కాదు" అన్నావు. అంటే ఇంకేదో అయ్యుండాలి కదా? నీ నోట్లో నువ్వుగింజ నానదని నీ తమ్ముడు ఎప్పుడూ అంటాడు. అందుకే నీకేమీ తెలియదని నమ్ముతున్నాను.

సరే, విను. కుడి తలుపు అయిపోయింది! అద్దం దించే హ్యాండిల్ ఊడదీసి, లోపలి అట్ట తీసి, తలుపు పొట్టలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టాను. పాత తాళాన్ని పట్టి ఉంచే క్లిప్పు కనపడదు, వేళ్ళతోనే వెతుక్కోవాలి. చెయ్యంతా గీరుకుపోయింది. క్లిప్పు లాగగానే ఆయన తాళం టప్పున నా ఒళ్ళో పడింది. ఎందుకో కాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత నాది పెట్టాను. చెవి తిప్పితే వెన్నలో కత్తిలా తిరిగింది. పది సార్లు వేసి తీశాను. టీచరు కిటికీలోంచి చూస్తోందని తెలిసి ఇంకో పది సార్లు వేసి తీశాను.

ఎడమ తలుపే చంపుతోంది. ఆ తాళం నా బల్ల మీద తిరుగుతుంది, చేతిలో తిరుగుతుంది. తలుపులో పెడితే సగం తిరిగి ఆగిపోతుంది. మూడుసార్లు విప్పి పెట్టాను. లోపల తాళం నుంచి గడియకి పోయే సన్న కడ్డీ ఒకటుంది, అదెక్కడో పట్టేస్తోంది. తాళాల షాపతన్ని అడిగితే వానలు తగ్గాక వస్తానన్నాడు. అన్నాళ్ళు నేను ఆగలేను. నిన్న కల్లో కూడా ఆ చెవి సగమే తిరిగింది. ఈ ఆదివారం సెలవు, పెద్ద సుత్తి అరువు తెచ్చాను. ఆ కడ్డీని నాలుగు దెబ్బలు వేసి వంచితే దారికొస్తుందేమో చూస్తాను.

నీ మరదలు


లాండ్రీ
వెంటనే

మరదలా,

సుత్తి ముట్టుకోకు! ఆదివారం లోపు నీకు ఇది అందాలని ఇక్కణ్ణుంచి మీ ఊరికి రొట్టెలు తెచ్చే లారీ అతని చేతికిస్తున్నాను.

కడ్డీని వంచితే ఇక అది దొరకదు. అలాంటిది ఎక్కడా లేదు. కడ్డీ అద్దం జారే పట్టీకి వెనక నుంచి పోవాలి, నువ్వు ముందు నుంచి పోనిచ్చి ఉంటావు. అందుకే సగంలో పట్టేస్తోంది. వెనక్కి మార్చు. ఆ ఎడమ తలుపు బందు అరిగి, వేలెడంత కిందికి దిగి ఉంటుంది. తాళం తిప్పేటప్పుడు మోకాలితో తలుపుని కింద నుంచి కాస్త పైకెత్తాలి, అప్పుడు తిప్పాలి. బలంగా కాదు, నెమ్మదిగా. అట్ట మళ్ళీ బిగించే ముందు లోపలి ప్లాస్టిక్ కాగితం మర్చిపోకు, లేకపోతే వాన నీరు దిగి తలుపు కింద తుప్పు పడుతుంది.

సుత్తి ఎవరి దగ్గర తెచ్చావో వాళ్ళకి ఇచ్చెయ్యి.

వదిన


ఇంటి దగ్గర
సోమవారం

లాండ్రీ యజమానురాలు వదినగారికి నమస్కరించి రాయునది,

మీరు చెప్పినట్టే చేశాను. కడ్డీ పట్టీకి వెనక నుంచి పోనిచ్చాను. మోకాలితో తలుపెత్తాను. తాళం తిరిగింది. రెండు తలుపులకీ ఇప్పుడు ఒకటే చెవి, అది నా దగ్గరుంది. మీ సాయానికి చాలా కృతజ్ఞురాలిని.

మీకు టైరుకీ స్టీరింగుకీ తేడా తెలియదు వదినగారూ. ఆ కారు ఒక్కసారి ఎక్కారు, మూడో మలుపులో దిగి వాంతి చేసుకున్నారు. ఎడమ తలుపు వేలెడంత దిగిందని మీకెవరు చెప్పారు? మోకాలి సంగతి ఈ భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. ఇరవై ఏళ్ళు ఆయన అలా మోకాలితో ఎత్తడం నేను చూస్తూనే ఉన్నాను, ఎందుకో అడగలేదు, అంతే.

దుప్పట్లు మడతపెట్టే కొత్త మనిషి! కాగితంలా మడుస్తాడు! నేను ఎంత తెలివితక్కువదాన్ని. "ఉత్తరమేమీ రాయలేదు" అన్నారు. నిజమే, మీ ఇంట్లో కూర్చుని మీకు ఉత్తరమెందుకు రాస్తాడు?

నేనిక్కడ వీధి కుక్క మొరిగినా లేచి నిలబడుతున్నాను. మీరక్కడ ఇద్దరూ కూర్చుని నా ఉత్తరాలు చదువుకుంటున్నారు. నేను రాసిన ప్రతి మాటా. ఆయన సంగతీ, అద్దాల సంగతీ, ఆ రెండో ఆడదాని సంగతీ. నవ్వుకున్నారా? ఇది కూడా ఆయనకి చూపించండి. లేదా ఆయనే అందుకుని చదువుకుంటాడేమో.

తాళాలు మారాయి. ఇక ఆయన ఎప్పుడొచ్చినా ఆ బండి తలుపు తెరుచుకోదు. ఇంటి తలుపు సంగతి నేనింకా ఆలోచించుకోలేదు.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య


లాండ్రీ మీది వాటా
వాన తెరిపిచ్చిన రోజు

అమ్మాయ్,

"గారు" అన్నావు. అది చాలు నన్ను చంపడానికి.

వాడు ఇక్కడే ఉన్నాడు. ఇల్లు వదిలిన మర్నాడే వచ్చాడు. నీకు చెబితే ఆ నిమిషమే ఇంకెక్కడికో పోతానని నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. నేను అబద్ధం రాయకుండా, నిజమూ రాయకుండా, ప్రతి ఉత్తరానికీ సగం ప్రాణం పోగొట్టుకున్నాను. ఈ ఉత్తరం వాడికి తెలియకుండా, కింద ఇస్త్రీ బల్ల మీద రాస్తున్నాను. ఒట్టు సంగతి తర్వాత చూసుకుంటాను.

నవ్వుకోలేదే. నీ ఉత్తరాలు వాడు అందుకుని చదువుకోలేడు. నేనే చదివి వినిపించాను. వాడికి అక్షరాలు సరిగ్గా అందట్లేదు.

వాడి కళ్ళు పోతున్నాయి. ముందు రాత్రిపూట మసకబారిందట. తర్వాత పక్కలు పోవడం మొదలైంది. ఎదురుగా పెడితే కనిపిస్తుంది, కాస్త పక్కకి జరిగితే లేనట్టే. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందని చెప్పాడు. చదివేటప్పుడు లైను చివరికొచ్చి తిరిగి రాలేడు. నీ స్టూలు వాడికి కనపడలేదు. ఆ అద్దాలన్నీ సోకు కోసం కాదు, పోయిన పక్కల్ని అద్దాల్లో వెతుక్కోవడానికి.

ఆఖరి పెళ్ళి బేరం రోజున ఎడమ పక్క నుంచి ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని రోడ్డు దాటుతోందట. వాడికి ఏమీ కనపడలేదు. వెనక సీట్లో పెళ్ళికూతురు కెవ్వున అరిస్తే బ్రేకు తొక్కాడు. కారు ముందు రేకు ఆవిడ చీరకుచ్చిళ్ళకి ఆనింది. అంతే, ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ తిట్టి వెళ్ళిపోయిందట. వీడు మాత్రం ఆ తర్వాత మళ్ళీ స్టీరింగు పట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే జన్మలో బండి తోలొద్దన్నాడట.

నీకెందుకు చెప్పలేదని నేనూ తన్నినంత పని చేశాను. "అది రోజంతా గోరంత పళ్ళు చెక్కి కళ్ళు పొడుచుకుంటోంది అక్కా. ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలా? అది దాటిస్తుంటే నేను బతకలేను" అన్నాడు. నీ సుత్తి మాట చదివినప్పుడు మాత్రం తింటున్న కంచం వదిలి లేచాడు. "రాయి అక్కా, కడ్డీ వెనక నుంచని రాయి" అని నా వెంట పడ్డాడు. ఏ ఇంజన్ మోత విన్నా లేచి నిలబడుతున్నానని రాశావే, అప్పుడు లేవలేదు కానీ, ఆ పూట అన్నం తినలేదు.

నన్ను ఏమన్నా పడతాను. "గారు" మాత్రం తీసెయ్యి.

నీ వదిన


క్లినిక్, నా బల్ల
మధ్యాహ్నం

వదినా,

ఉత్తరం ఇక్కడే విప్పాను. డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు. వెళ్ళలేదు. ఇంట్లో స్టూలు ఉంది.

"కళ్ళు నెత్తికెక్కాయా" అన్నాను. అన్నీ వదిలి ఆ మాటే అన్నాను. నేల తడుముతుంటే రోషం నటిస్తున్నాడనుకున్నాను. ఒకే మంచం మీద పడుకుంటూ, ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉంటూ, మనిషికి చూపు పోతుంటే నాకు తెలియలేదు. అయితే గుడ్డిదాన్ని నేనే.

జాలి పడాలని ఉంది, కానీ అంతకన్నా కోపం వస్తోంది. ఇది కూడా చదివి వినిపించు. గట్టిగా చదువు. ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడానికి నాకూ తీరిక లేదు. నాకు నా పనుంది. దాటలేకపోతే ఇటుపక్కే ఉండమను. నేను ఆయన్ని చేసుకున్నది డ్రైవరు కావాలని కాదు. డ్రైవరే కావాలంటే బస్సు డ్రైవరుని చేసుకునేదాన్ని, జీతం వస్తుంది.

నేను వచ్చి తీసుకురాను. నువ్వు తెచ్చి దింపొద్దు. తన కాళ్ళతో వెళ్ళాడు, తన కాళ్ళతోనే రమ్మను. రాకపోతే మానెయ్యమను.

మానెయ్యమని చదవకు. అది కొట్టేశాననుకో.

నీ మరదలు


లాండ్రీ
ఆదివారం పొద్దున

మరదలా,

చంటి లేడు. పొద్దున్న లేచి చూస్తే మంచం మీద దుప్పటి కాగితంలా మడిచి ఉంది. సంచీ లేదు. నిన్న నీ ఉత్తరం చదివాను. విని, మళ్ళీ చదవమన్నాడు. కొట్టేశాననుకోమన్న ముక్క కూడా చదివాను, ఏమనుకుంటావో అనుకో.

రేవు దగ్గర అడిగాను, బస్సుల దగ్గర అడిగాను. మధ్యలో ఒక ఊరి కూడలిలో బస్సు మారాలి. ఆ కూడలి నాకే భయం, లారీలు ఆగవు. నీ క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఆదివారం కదా, ఎవరూ ఎత్తలేదు. లారీ అతనికే ఈ చీటీ ఇస్తున్నాను. వచ్చాడా? వచ్చినా రాకపోయినా వెంటనే కబురు పెట్టు. ఇస్త్రీపెట్టె ఆపానో లేదో కూడా గుర్తులేదు.

వదిన


ఇంటి దగ్గర
చలి మొదలైంది

వదినా,

లారీ అతనితో "వచ్చాడు" అని ఒక్క ముక్కే చెప్పి పంపాను. మిగతాది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. కూర్చోవడం కుదరలేదు అని కాదు, ఏది ముందు రాయాలో తెలియలేదు.

ఆ ఆదివారం పెరట్లో బట్టలుతుకుతున్నాను. ఎదురింటి టీచరు తన కిటికీలోంచి అరిచింది: "ఏమండీ, మీ కారు తాళం ఎవడో విరగ్గొడుతున్నాడు!" సబ్బు చేతులతోనే పరిగెత్తాను. చూస్తే నీ తమ్ముడు. గడ్డం పెరిగి, ఒక మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి, మెళ్ళో తాడు తీసి కుడి తలుపులో తన చెవి పెట్టి తిప్పుతున్నాడు.

"తిరగట్లేదు" అన్నాడు, వెనక్కి చూడకుండానే.

"తిరగదు. మార్చేశాను."

"తెలుసు. అక్క చదివింది."

"తెలిసి ఎందుకు తిప్పడం?"

చెవి తీసేసి, నేను పెట్టిన తాళాన్ని వేలితో చుట్టూ తడిమాడు. "తలకిందులుగా బిగించావు. గాడి పైకి ఉండాలి."

"నాకు తెరుచుకుంటోంది."

"తెరుచుకుంటుందిలే. గీత కూడా పడలేదు, బానే చేశావు."

అప్పటిదాకా ఏడవకూడదని ఎంతో గట్టిగా ఉన్నాను వదినా. బానే చేశావనగానే పోయింది నా గట్టితనం. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. వీధంతా వినపడేలా అన్నాను.

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏడ్చేదాన్ని. మిమ్మల్ని తిట్టేదాన్ని. మర్నాడు పనికి పోయేదాన్ని."

"అంతేనా?"

"అంతే! దీనికి ఊరొదిలి పోతారా ఎవరైనా?"

మోకాలేమిటని అడిగాను. కూడలిలో బస్సు దిగేటప్పుడు మెట్టు తప్పాడట. తర్వాత రోడ్డు దగ్గర నిలబడి, నిలబడి, చివరికి పక్కన ఎవరో ముసలావిడని అడిగాడట, "అమ్మా, నన్ను దాటిస్తావా?" అని. ఆవిడకి ఈయన కన్నా తక్కువ కనపడుతుందట. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, లారీల్ని తిట్టుకుంటూ దాటారట. చెబుతూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంట్లోకి రమ్మంటాననుకున్నాను, ఆ మాట నోటికి రాలేదు. ఆయనా గడప వైపు తిరగలేదు. బానెట్ మీద చెయ్యి ఆనించి, దాని వెంటే నడుచుకుంటూ, కారు చుట్టూ తిరిగి ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "తియ్యి" అన్నాడు. వెళ్ళి మోకాలితో తలుపెత్తి తీశాను. డ్రైవరు పక్క సీట్లో ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు ఇద్దరం షెడ్డులో అలాగే కూర్చున్నాం. టీచరు కిటికీ మూసేసింది, అది మాత్రం మెచ్చుకోవాలి.

తర్వాత అంతా తేలికైపోయిందని అనుకోకు. చాలా రోజులు సంచీ విప్పలేదు. చుట్టంలా కుర్చీ చివర కూర్చునేవాడు. నేను ఏదైనా దారిలోంచి పక్కకి జరిపితే, "నా కోసం జరపకు" అని గయ్యిమనేవాడు. జరపకపోతే తన్నుకునేవాడు. ఒకరోజు నేను కూడా గయ్యిమని కంచం నేలకి కొట్టాను. ఇద్దరం కలిసి ముక్కలేరాం. కళ్ళ డాక్టరు దగ్గరికి ఈసారి నేను కూడా వెళ్ళాను. పోయింది రాదట. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు రోడ్డు దగ్గర నేను చెయ్యి పట్టుకోలేదు. ఆయనే నా భుజం మీద వేశాడు. దాటాక కూడా తియ్యలేదు, అదెవరికీ చెప్పకు.

కారు తాళంచెవి అడగలేదు. నేను ఇవ్వలేదు.

మొన్న పొద్దున్నే, "బండి తిప్పకపోతే బిగుసుకుపోతుంది. లే, నువ్వు తోలు" అన్నాడు. నాకా, అన్నాను. "తాళాలు నీవేగా" అన్నాడు.

నీ తమ్ముడు మంచి గురువు కాదు వదినా. క్లచ్చు అని అరుస్తాడు, నేను బ్రేకు తొక్కుతాను. షెడ్డులోంచి వీధిలోకి రావడానికే నా వీపు తడిసిపోయింది. వీధి మలుపు దగ్గర స్టీరింగుని కరుచుకుపోయి, ఎదురుగా రోడ్డునే చూస్తున్నాను, రెప్ప వెయ్యకుండా.

"ఎటు చూస్తున్నావ్?" అన్నాడు.

"ముందుకి."

"ముందు నాకూ కనపడుతోంది. నువ్వు పక్కలు చూడు."

ఆ మాటకి నా కాలు జారి ఇంజన్ ఆగిపోయింది. వెనక ఎవరో హారన్ కొట్టారు, ఇంకెవరో తిట్టారు. ఆయన నా వైపు పూర్తిగా మెడ తిప్పి చూశాడు, అలా తిప్పితేనే నేను కనపడతాను. బొత్తాం నొక్కాను. కుడి చూశాను, ఎడమ చూశాను. ఒక సైకిలు పోనిచ్చాను. బాతు ఒక కుదుపు కుదిపి కదిలింది.

లారీ అతనితో మమ్మల్ని రమ్మని కబురు పెట్టావు కదా, వస్తాం. ఎప్పుడని మాత్రం అడగకు. నేనింకా రెండో గేరు దాటలేదు.

నీ మరదలు